ఆఫ్‌రోడ్ బైకుల్లో ఇన్‌టేక్ వాల్వులు ఎందుకు అరుగుతాయి? ఎలా కనిపెట్టాలి, ఎలా కాపాడుకోవాలి?

ఇన్‌టేక్ వాల్వు అంటే ఇంజనులోకి గాలి, పెట్రోలు వదిలే తలుపు. అది అరిగే కొద్దీ ట్యాపెట్ గ్యాపు, అంటే వాల్వుకూ దాన్ని నొక్కి తెరిచే క్యామ్‌కూ (తిరిగే ఇరుసు మీద గుబ్బ) మధ్య ఖాళీ, పెరగదు, తగ్గుతుంది. ఆఫ్‌రోడ్ బైకు నడిపేవాళ్లు అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది ఇదే. బండిలో మిగతావన్నీ అరిగితే వదులవుతాయి. చైను వదులవుతుంది, బేరింగు ఆడుతుంది, చప్పుడొచ్చి మనకు తెలుస్తుంది. వాల్వు అలా కాదు. దాని ముఖం అరిగితే సీటులోకి (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే ఉంగరం లాంటి అంచు) ఇంకాస్త లోతుగా వెళ్లి కూర్చుంటుంది. అంతే మేర దాని కాడ కొస క్యామ్ వైపు జరుగుతుంది. ఆ కొసకీ క్యామ్‌కీ మధ్య ఉండాల్సిన సన్నటి ఖాళీ మూసుకుపోతూ వస్తుంది. చప్పుడు తగ్గి ఇంజను మెత్తగా తిరుగుతుంటే బండి బాగుందని సంతోషిస్తాం. ఒక ఉదయం సెల్ఫ్ ఎంత నొక్కినా స్టార్టవదు.

బెంగళూరులో ఉంటూ ఆదివారం నంది కొండల వైపో, కోలారు వైపో, హిందూపురం, మడకశిర దారుల్లోనో మట్టిలోకి దిగే తెలుగు రైడర్ల కోసం ఇది రాస్తున్నాను. ఇంజను విప్పినా విప్పకపోయినా, మెకానిక్ చెప్పే మాటలో ఎంత నిజముందో తేల్చుకునేంత విషయం మీ దగ్గర ఉండాలి.

ముందు మీ బండి ఏ రకమో చూసుకోండి

ఎక్స్‌పల్స్ 200, హిమాలయన్ 411 లాంటి బళ్లలో ఉక్కు వాల్వులు ఉంటాయి. క్యామ్ కదలికను వాల్వుకు అందించే రాకర్ ఆర్మ్ చివర ఉన్న స్క్రూను తిప్పి, లాక్‌నట్ బిగించి గ్యాపు సరిచేస్తారు. వీటిలో అరుగుదల నెమ్మది. కేటీఎం 390 అడ్వెంచర్‌లో స్క్రూ ఉండదు, షిమ్ము ఉంటుంది. షిమ్ము అంటే మాత్రబిళ్లంత చిన్న ఉక్కు బిళ్ల. దాని మందం మారిస్తే గ్యాపు మారుతుంది.

కవాసకి కేఎక్స్ 250, కేటీఎం 250 ఎస్ఎక్స్-ఎఫ్ లాంటి మోటోక్రాస్ బళ్లది వేరే లోకం. వాటిలో ఇన్‌టేక్ వాల్వులు టైటానియంవి. టైటానియం సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 4.5 గ్రాములు, ఉక్కుది 7.8. అంటే అదే సైజు వాల్వు 40 శాతం తేలిక. 250 సీసీ రేసు ఇంజను 13,000 ఆర్పీఎం దగ్గర తిరుగుతున్నప్పుడు ఒక్కో వాల్వు సెకనుకు 108 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. అంత వేగంలో బరువైన వాల్వును వెనక్కి లాగాలంటే గట్టి స్ప్రింగు కావాలి, గట్టి స్ప్రింగు ఉంటే క్యామ్ మీద ఒత్తిడి పెరుగుతుంది. అందుకే టైటానియం.

అయితే టైటానియంకు ఒక బలహీనత ఉంది. ఉక్కు మీద రుద్దుకుంటే అది తొందరగా కొరుక్కుపోతుంది. అందుకని వాల్వు మీద గట్టి పూత వేస్తారు, దాని మందం కొన్ని మైక్రాన్లే. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ పూత ఉన్నంతకాలం వాల్వు నిశ్చింతగా పనిచేస్తుంది. అది పోయిన తర్వాత కింద ఉన్న లోహం చూస్తుండగానే అరిగిపోతుంది. 2004లో వచ్చిన హోండా సీఆర్ఎఫ్ 250 ఆర్ తొలి మోడళ్లకు ఇన్‌టేక్ వాల్వుల విషయంలో వచ్చిన చెడ్డపేరు ఇప్పటికీ పాత రైడర్ల నోట వింటూనే ఉంటాం.

ఎగ్జాస్ట్ వాల్వు ఉండగా ఇన్‌టేక్ వాల్వే ఎందుకు?

ఈ ప్రశ్న వేసుకుంటే కారణం దానంతటదే తేలుతుంది. పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు వందల డిగ్రీల వేడి వాయువుల్లో ఉంటుంది. ఇన్‌టేక్ వాల్వు మీదుగా ప్రతిసారీ చల్లటి గాలీ పెట్రోలూ పోతాయి. వేడే అసలు దోషి అయితే ముందు ఎగ్జాస్టు పోవాలి. కానీ చాలా మోటోక్రాస్ బళ్లలో పోయేది ఇన్‌టేకే. కాబట్టి దోషి ఇన్‌టేక్ దారిలోంచే వస్తోంది. అది దుమ్ము.

మన చుట్టూ ఉన్న దుమ్ము మామూలుది కాదు. లాల్‌బాగ్ కొండరాయిని చూశారు కదా, అది దాదాపు 300 కోట్ల ఏళ్లనాటి నీస్ రాయి. బెంగళూరు, కోలారు, చిక్కబళ్లాపురం, ఇటు అనంతపురం దాకా నేలంతా ఆ జాతి రాళ్లు, గ్రానైటు చివికి తయారైనదే. అందులో క్వార్ట్జ్ దండిగా ఉంటుంది. మోస్ కొలమానంలో క్వార్ట్జ్ గట్టిదనం 7, టైటానియంది సుమారు 6. క్వారీ లారీలు తిరిగే మట్టిదారుల్లో లేచే తెల్లటి పొడి ఇంకా కొత్తది, ఇంకా కోసుగా ఉంటుంది. ఫిల్టరు తప్పించుకున్న రేణువు వాల్వు ముఖానికీ సీటుకూ మధ్య పడితే, సెకనుకు వందసార్లు పడే దెబ్బల కింద అది గరుకు కాగితంలా పనిచేస్తుంది. పూత పోవడానికి ఎక్కువ సేపు పట్టదు.

దుమ్ము ఒక్కటే కాదు. గైడు, అంటే వాల్వు కాడ జారే గొట్టం, అరిగితే వాల్వు నిలువుగా దిగకుండా పక్కకు ఊగుతూ సీటు అంచును కొడుతుంది. గ్యాపు మరీ ఎక్కువున్నా నష్టమే. క్యామ్‌కు మూసే వైపు ఒక మెల్లని వాలు ఉంటుంది, వాల్వును సుతారంగా సీటు మీద దించడానికి. గ్యాపు ఎక్కువైతే ఆ వాలు దాకా రాకముందే వాల్వు సీటు మీద దభీమని పడుతుంది. గ్యాపు అసలు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు. అప్పుడు మండుతున్న వాయువు ఆ సన్నని సందులోంచి వెనక్కి చీల్చుకుపోతూ అంచును కాలుస్తుంది. వాల్వులోని వేడి ఎక్కువగా సీటు ద్వారానే హెడ్డులోకి (వాల్వులు ఉండే ఇంజను పై భాగం) దిగుతుంది. టైటానియం అసలే వేడిని సరిగా పోనివ్వదు, సీటు తగలకపోతే దానికి వేరే దారి లేదు.

అరగడం వేరు, ఆకారం చెడటం వేరు

వాల్వు మూడు రకాలుగా చెడుతుంది. మూడింటికీ గ్యాపు తీరు వేరువేరుగా ఉంటుంది.

మొదటిది ముఖం మీద గుంట పడటం. సీటు తగిలేచోట చుట్టూ సన్నటి గాడి పడుతుంది. చూపుకు చిన్న మెరుపు గీతలా ఉంటుంది. గోటి కొసను అంచు నుంచి లోపలికి జరిపితే టక్కున ఆగుతుంది. కొత్త వాల్వు మీద గోరు ఎక్కడా ఆగకుండా జారిపోతుంది. గోటికి గాడి తగిలిందంటే ఆ వాల్వు పని అయిపోయినట్టే. ఇందులో గ్యాపు నెమ్మదిగా తగ్గుతుంది.

రెండోది వాల్వు తల సాగి గరాటులా మారడం. అంచు సీటు మీద ఆగిపోయినా, స్ప్రింగు లాగుడుకు నడిమి భాగం, కాడ ఇంకా పైకి పోవాలని చూస్తాయి. ఇంజను హద్దు మీరి తిరిగినప్పుడు స్ప్రింగు క్యామ్‌ను అనుసరించలేదు. వాల్వు గాల్లో తేలి, తర్వాత సీటు మీద సుత్తి దెబ్బలా పడుతుంది. అలాంటి దెబ్బలు పడీపడీ తల ఆకారం మారుతుంది. ఇక్కడా గ్యాపు తగ్గుతుంది, కానీ ఒక్కో రైడుకే తేడా కనిపిస్తుంది.

రెవ్ లిమిటర్ ఉంది కదా, ఇంజను హద్దు ఎలా దాటుతుంది అని అడగొచ్చు. లిమిటర్ స్పార్కునో పెట్రోలునో మాత్రమే ఆపగలదు. రాతిగుట్ట దిగుతూ మూడో గేరు నుంచి పొరపాటున మొదటి గేరులో పడేసి క్లచ్ వదిలితే, వెనక చక్రమే ఇంజనును తిప్పేస్తుంది. దాన్ని ఏ లిమిటరూ ఆపలేదు. దిగుడుల్లో గేరు తగ్గించేటప్పుడు ఒక్కొక్కటిగా, వేగం తగ్గాకే తగ్గించండి.

మూడోది కాడ వంగడం. క్యామ్ చైను ఒక పన్ను దాటినా, వాల్వు తేలినా పిస్టను వచ్చి వాల్వుకు తగులుతుంది. వంగిన వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోలేక కొంచెం తెరుచుకునే ఉంటుంది. దాని కొస క్యామ్‌కు దూరంగా ఉండిపోతుంది. అందుకని ఒక్కసారిగా గ్యాపు పెరిగి, కంప్రెషన్ పోతుంది. గ్యాపు నెమ్మదిగా తగ్గితే అరుగుదల, కంప్రెషన్ పోయి హఠాత్తుగా గ్యాపు పెరిగితే వంపు అనుమానించాలి. కార్బన్ ముక్క సీటు మీద ఇరుక్కున్నా ఇలాగే కనిపిస్తుంది కాబట్టి, హెడ్డు విప్పే ముందు లీక్ పరీక్ష ఒకటి చేయాలి. దాని గురించి కింద రాశాను.

మొదటి అడుగు: బండి చెప్పే మాట వినడం

డిసెంబరులో బెంగళూరు చలికి పొద్దున్నే స్టార్ట్ కాని బండిని బ్యాటరీ వీకనో ప్లగ్గు పోయిందనో అనుకుంటాం. సెల్ఫుకు రాకుండా తోస్తే మాత్రం వెంటనే అందుకుంటోందంటే ఇన్‌టేక్ వాల్వును అనుమానించండి. తోసినప్పుడు పిస్టను వేగంగా కదులుతుంది, వాల్వు పక్కనుంచి గాలి కారిపోవడానికి సమయం చిక్కదు. అందుకే అందుకుంటుంది. తర్వాత ఐడిల్ నిలకడగా ఉండదు, కింది ఆర్పీఎంలో లాగుడు తగ్గుతుంది, థ్రాటిల్ తిప్పితే ఎయిర్‌బాక్సులోంచి (గాలి ఫిల్టరు ఉండే పెట్టె) టప్ టప్‌మని వెనక్కి కొడుతుంది. ఈ చివరి లక్షణం కనిపించాక నడపొద్దు. విరిగిన వాల్వు తల పిస్టను మీద పడితే ఇంజను మొత్తం పోతుంది.

రెండో అడుగు: కొలతకు సిద్ధం చేయడం

బండిని ముందురోజే కడిగి ఆరబెట్టండి. హెడ్డు కవరు తీసినప్పుడు ట్యాంకు కింది మట్టి లోపల పడితే, మనం పోగొట్టాలనుకున్న ఇబ్బందిని మనమే లోపలికి పంపినట్టు అవుతుంది. ఇంజను రాత్రంతా చల్లారాలి. ఇంజను వేడిగా ఉన్నప్పుడు కొలిచిన అంకెకు విలువ లేదు.

ఫీలర్ గేజి మంచిది కొనండి. బ్లేడ్లు 0.03 మి.మీ. నుంచి మొదలవ్వాలి, 0.01 తేడాతో వరసగా ఉండాలి. కార్ల కోసం అమ్మే గేజిలో 0.05 తర్వాత నేరుగా 0.10 ఉంటుంది, అది ఈ పనికి చాలదు. బెంగళూరు ఎస్.జె.పి. రోడ్డు టూల్సు షాపుల్లో అడిగితే దొరుకుతాయి. షిమ్ముల బండి అయితే మైక్రోమీటరు, చిన్న అయస్కాంతపు పుల్ల, టార్క్ రెంచి కూడా కావాలి.

సర్వీసు మాన్యువల్ తప్పనిసరి. ఒక్కో మోడలుకు గ్యాపు ఒక్కో రకం. ఉదాహరణకు చాలా 250 సీసీ మోటోక్రాస్ బళ్లకు ఇన్‌టేక్ 0.10 నుంచి 0.15 మధ్య, ఎగ్జాస్ట్ అంతకన్నా ఎక్కువ ఉంటుంది. స్నేహితుడి బండి అంకె మీ బండికి వాడొద్దు.

మూడో అడుగు: కొలవడం

కూర్చునే సీటు, ట్యాంకు తీసి, ప్లగ్గు విప్పండి. ప్లగ్గు గుంట చుట్టూ మట్టి ఉంటే ముందు ఊదేయండి. హెడ్డు కవరు తీశాక, క్రాంకును (పిస్టనును కదిపే ఇరుసు) అది తిరిగే దిక్కులోనే నెమ్మదిగా తిప్పండి. ఇన్‌టేక్ వాల్వు తెరుచుకుని మూసుకున్నాక పిస్టను పైకి వస్తుంది కదా, అదే కంప్రెషన్ స్ట్రోకు. పిస్టను పైకొసకు చేరిందని చూపే గుర్తు దగ్గర ఆపండి. ఇప్పుడు క్యామ్ ముక్కులు వాల్వుల మీద ఉండకూడదు. రాకర్ ఉన్న బండిలో రాకరును చేత్తో కదిపితే సన్నగా ఆడాలి. ఆడకపోతే రెండు కారణాలు. మీరు ఎగ్జాస్ట్ స్ట్రోకు చివర ఆపారు, లేదా గ్యాపు సున్నా అయిపోయింది. క్రాంకును ఇంకో పూర్తి చుట్టు తిప్పి చూస్తే తేలిపోతుంది.

బ్లేడు మీద ఒక చుక్క ఆయిలు రాసి, వంచకుండా నేరుగా దూర్చండి. ఎంత బిగువుగా జారితే సరి అన్నది చేతి అలవాటుకు వదిలేస్తే మనిషికో అంకె వస్తుంది. దానికన్నా ఏ బ్లేడు పోతుంది, ఏది పోదు అని చూడండి. 0.11 పోయి 0.12 పోకపోతే గ్యాపు 0.11. ఎడమ ఇన్‌టేకు, కుడి ఇన్‌టేకు వేరువేరుగా రాయండి. రెండూ కలిపి సగటు తీయడం పనికిరాదు. ఒకటి మాత్రమే తొందరగా తగ్గుతుంటే ఆ వైపు గైడునో సీటునో అనుమానించాలి.

నాలుగో అడుగు: అంకెను చదవడం

అన్నిటిలోకీ ముఖ్యమైన అడుగు ఇదే. చాలామంది గ్యాపు హద్దులో ఉందా లేదా అని చూసి కవరు మూసేస్తారు. ఒక్క అంకె ఏమీ చెప్పదు. అంకె ఎంత వేగంగా మారుతోందో చూస్తేనే వాల్వు ఆరోగ్యం తెలుస్తుంది.

ఒక నోటు పుస్తకంలో తేదీ, హవర్ మీటరు (ఇంజను నడిచిన గంటలు), ప్రతి వాల్వు గ్యాపు, లోపల ఉన్న షిమ్ము మందం రాసుకోండి. కొత్త టైటానియం వాల్వు ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. మొదట 0.15 ఉంటుంది. తొలి కొన్ని గంటల్లో సీటుకు సర్దుకుని 0.13కు వస్తుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు కొలిచినా 0.13, 0.13, 0.12. పూత క్షేమంగా ఉందని దీనర్థం. ఒకరోజు 0.10 చూపిస్తుంది. ఆ తర్వాత ఒకటి రెండు రైడ్లకే 0.06. పూత పోయింది, కింది లోహం అరుగుతోంది.

ఇక్కడ షిమ్ము మార్చి గ్యాపు సరిచేయొచ్చు, బండి స్టార్టవుతుంది, నడుస్తుంది. కానీ వాల్వు బాగుపడలేదు. సన్న షిమ్ము వేసి దాని అరుగుదలకు చోటిచ్చాం, అంతే. అందుకే నేను పాటించే నియమం: టైటానియం వాల్వుకు ఒక్కసారి షిమ్ము మార్చడం సరే. రెండోసారి మార్చాల్సి వచ్చిందంటే, లేదా కొత్తప్పటి నుంచి మొత్తం తగ్గుదల 0.10 మి.మీ. దాటిందంటే, హెడ్డు విప్పడానికి డబ్బు పక్కన పెట్టాలి. అమ్మకానికి వచ్చిన పాత మోటోక్రాస్ బండి కొనేటప్పుడు కూడా షిమ్ముల మందం అడగండి. కంపెనీ వేసినదానికన్నా బాగా సన్నవి ఉంటే ఆ వాల్వులు ఇప్పటికే చాలా అరిగాయి, గ్యాపు ఎంత చక్కగా ఉన్నా సరే.

స్క్రూ ట్యాపెట్ బళ్లలో ఈ చరిత్ర ఇంకా తేలిగ్గా మరుగున పడుతుంది. స్క్రూ కొంచెం వదులు చేస్తే చాలు, అంతా సరే అనిపిస్తుంది. ప్రతిసారీ సరిచేయకముందు ఎంత ఉందో రాసుకోకపోతే అరుగుదల మీకు ఎప్పటికీ కనిపించదు.

రేసు బండికి 15 గంటలకోసారి, బాగా దుమ్ము తిన్న రైడు తర్వాత వెంటనే చూడటం మంచిది. ఎక్స్‌పల్స్, హిమాలయన్ లాంటివాటిని మాన్యువల్ చెప్పిన దూరంలో సగానికే చూడండి, మీరు మట్టిలో నడిపేవాళ్లయితే.

అయిదో అడుగు: షిమ్ము లెక్క

సూత్రం ఒక్కటే. కొత్త షిమ్ము మందం = పాత షిమ్ము మందం + కొలిచిన గ్యాపు − కావాల్సిన గ్యాపు.

పాత షిమ్ము 1.85 మి.మీ., కొలిచిన గ్యాపు 0.07, కావాల్సింది 0.13 అనుకోండి. 1.85 + 0.07 − 0.13 = 1.79. షిమ్ములు సాధారణంగా 0.05 తేడాతో, కొన్ని కిట్లలో 0.025 తేడాతో దొరుకుతాయి. 1.80 వేస్తే గ్యాపు 0.12 వస్తుంది. సరిపోతుంది. షిమ్ము మీద చెక్కిన అంకెను నమ్మకుండా మైక్రోమీటరుతో కొలవండి. వ్యాసం కూడా చూసుకోండి. 7.48, 8.90, 9.48, 10.00 మి.మీ. అని రకాలున్నాయి, ఒకదాంట్లో ఒకటి కూర్చోదు.

క్యామ్ తీసే ముందు రెండు పనులు మరవొద్దు. చైను టెన్షనరును ముందు వదులు చేసి, చైనును తీగతో పైకి కట్టండి. చైను దిగే సొరంగంలో శుభ్రమైన గుడ్డ కుక్కండి. బకెట్ (షిమ్ము మీద మూతలా కూర్చునే గిన్నె) ఎత్తినప్పుడు షిమ్ము ఆయిలుకు అంటుకుని వచ్చి, గాల్లో జారి ఆ సొరంగంలో పడిందంటే ఇంజను సగం విప్పాలి. బిగించేటప్పుడు క్యామ్ క్యాప్ బోల్టులను టార్క్ రెంచితో, ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. తర్వాత టైమింగ్ గుర్తులు చూసి, క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పి, గ్యాపు మళ్లీ కొలిచాకే కవరు మూయండి. చేత్తో తిప్పేటప్పుడు ఎక్కడైనా గట్టిగా ఆగితే బలవంతం చేయొద్దు. వాల్వు పిస్టనుకు తగులుతోంది.

ఆరో అడుగు: లీక్ పరీక్ష

మోటోక్రాస్ బళ్లకు మామూలు కంప్రెషన్ గేజి తప్పుదారి పట్టిస్తుంది, స్టార్టు తేలికయ్యేలా ఒత్తిడిని కొంత వదిలే, క్యామ్‌లో ఉండే ఆటో డీకంప్రెషన్ వల్ల అంకె తక్కువ చూపిస్తుంది. లీక్‌డౌన్ టెస్టరే సరైన పద్ధతి. పిస్టనును కంప్రెషన్ పైకొసకు తెచ్చి, క్రాంకు తిరగకుండా పట్టి ఉంచి, ప్లగ్గు గుంటలోంచి గాలి ఎక్కించాలి. లీకు 10 శాతం లోపు ఉంటే బాగున్నట్టు, 20 దాటితే విప్పాల్సిందే అని వర్క్‌షాపుల్లో లెక్క.

శాతం కన్నా ముఖ్యం చెవి. థ్రాటిల్ తెరిచి ఇన్‌టేక్ పైపు దగ్గర చెవి పెట్టండి. అక్కడ బుస్‌మని వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు. సైలెన్సరులో వినిపిస్తే ఎగ్జాస్ట్. ఆయిలు బ్రీతరులో వస్తే రింగులు. రేడియేటరులో బుడగలు వస్తే హెడ్డు గ్యాస్కెట్. పది నిమిషాల పనికి ఇంత స్పష్టమైన సమాధానం ఇచ్చే పరీక్ష ఇంకొకటి లేదు.

ఏడో అడుగు: హెడ్డు విప్పాక

ఇక్కడి నుంచి పని లేతు షాపుది. పీణ్య పారిశ్రామికవాడలోనూ బెంగళూరు నగరంలో ఇంకొన్ని చోట్లా హెడ్డు పని బాగా చేసేవాళ్లున్నారు. అయితే కారు, లారీ హెడ్డులతో అలవాటున్న చేతికి టైటానియం వాల్వు ఇచ్చేముందు ఒక మాట గట్టిగా చెప్పాలి: లాపింగ్ చేయొద్దు. ఉక్కు వాల్వును పేస్టు రాసి సీటు మీద రుద్దడం పాత పద్ధతి, అక్కడ అది చెల్లుతుంది. టైటానియం వాల్వును రుద్దితే పూత ఆ బల్ల మీదే పోతుంది. బండి బయటికి రాకముందే వాల్వు చచ్చినట్టు.

రెండో మాట: కొత్త వాల్వును పాత సీటు మీద వేయొద్దు. సీటు కూడా అరిగి గుండ్రబడి ఉంటుంది. దాని మీద కొత్త పూత కొన్ని గంటల్లో చిరిగిపోతుంది. సీటును మూడు కోణాల్లో కోయాలి. మధ్యలో వాల్వు కూర్చునే 45 డిగ్రీల ముఖం, దానికి అటూ ఇటూ 30, 60 డిగ్రీలు మామూలుగా వాడేవి. ఇన్‌టేక్ సీటు వెడల్పు సుమారు 1 మి.మీ. ఉండాలి, కచ్చితమైనది మాన్యువల్‌లో చూడండి. నీలిరంగు పేస్టు రాసి వాల్వును ఒక్కసారి మెల్లగా ఆనిస్తే, రంగు చుట్టూ ఎక్కడా తెగకుండా ఒకే వెడల్పులో అంటాలి.

గైడులో వాల్వును సగం పైకెత్తి పక్కకు కదిపి చూడండి. తేడాగా ఊగితే గైడు మార్చాకే సీటు కోయాలి, ఎందుకంటే సీటు కట్టరు గైడునే ఆధారం చేసుకుని తిరుగుతుంది. స్ప్రింగుల పొడవు కొలవండి, మాన్యువల్ హద్దు కన్నా పొట్టివైతే మార్చండి. ఆయిలు సీళ్లు ఎలాగూ కొత్తవే వేయాలి. బిగించాక ఇన్‌టేక్ పోర్టులో కొంచెం కిరసనాయిలు పోసి కొంతసేపు వదిలేయండి. దహనగది వైపు తడి కనిపించకూడదు.

స్టెయిన్‌లెస్ స్టీలు వాల్వులకు మారదామా అని చాలామంది అడుగుతారు. రేసులు ఆడకుండా ఆదివారాల్లో ట్రెయిల్ నడిపేవాళ్లకు అది మంచి నిర్ణయమని నా అభిప్రాయం. ఎక్కువ కాలం వస్తాయి, అరుగుదల నెమ్మదిగా, ముందే తెలిసేలా ఉంటుంది. అయితే అవి బరువు, కాబట్టి వాటికి సరిపోయే గట్టి స్ప్రింగులు జతగా వేయాల్సిందే. పాత స్ప్రింగులతో వేస్తే పై ఆర్పీఎంలో వాల్వు తేలుతుంది. డబ్బు మిగల్చాలని స్ప్రింగులు వదిలేసినవాళ్లు చివరికి పిస్టను కూడా కొనాల్సి వస్తుంది.

ఎనిమిదో అడుగు: ఫిల్టరు

వాల్వు ఆయుష్షు ఉండేది ఎయిర్‌బాక్సులో. ఇక్కడ ఎంత శ్రద్ధ పెట్టినా ఎక్కువ కాదు.

స్పాంజి ఫిల్టరును పెట్రోలుతో కడగొద్దు. అతుకుల దగ్గర జిగురు వదులుతుంది, ఆ చీలికలోంచి దుమ్ము నేరుగా పోతుంది. ఫిల్టరు క్లీనరు వాడి, తర్వాత సబ్బునీటితో కడిగి, పిండకుండా అరచేతుల మధ్య నొక్కి నీళ్లు తీయండి. బట్టలు పిండినట్టు మెలితిప్పితే చిరుగుతుంది. పూర్తిగా ఆరాలి. వానాకాలం బెంగళూరు చెమ్మకు ఒక రాత్రి చాలకపోవచ్చు. తడి ఉన్నచోట ఆయిలు పట్టదు. ఇంజను ఆయిలు కాదు, జిగటగా ఉండే ఫిల్టరు ఆయిలు వేయండి. స్పాంజి అంతటా ఒకే రంగు వచ్చేదాకా నొక్కుతూ పట్టించండి. లేతగా కనిపించే ప్రతి మచ్చా దుమ్ముకు తెరిచిన తలుపే.

ఫిల్టరు అంచు ఆనే చోట చుట్టూ గ్రీజు రాయండి. ఇన్‌టేక్ పైపు లోపలి గోడకు కూడా పల్చగా గ్రీజు పూయండి. రైడు నుంచి వచ్చాక ఫిల్టరు తీసి, టార్చి వేసి ఆ గ్రీజును చూడండి, వేలితో తీసి వేలికీ బొటనవేలికీ మధ్య రుద్ది చూడండి. నున్నగా ఉంటే సీలు పనిచేస్తోంది. కరకరమని తగిలితే దుమ్ము ఫిల్టరు దాటింది. ఏ వైపు గ్రీజు ఎర్రబడిందో చూస్తే సందు ఎక్కడుందో కూడా తెలుస్తుంది. చాలాసార్లు అది ఫిల్టరు సరిగ్గా కూర్చోక వచ్చిన తంటా. ఫిల్టరును పట్టి ఉంచే పంజరం పిన్ను గాడిలో పడకముందే బోల్టు బిగించేస్తారు.

ఫిల్టరు తీసే సమయంలోనే ఎక్కువ దుమ్ము లోపల పడుతుంది. ముందు ఎయిర్‌బాక్సును తడి గుడ్డతో తుడిచి, తీసిన వెంటనే పైపు నోట్లో శుభ్రమైన గుడ్డ పెట్టండి.

ఎక్స్‌పల్స్, హిమాలయన్ లాంటి బళ్లకు కాగితం ఫిల్టరు ఉంటే దాన్ని ఎయిర్ గన్నుతో ఊదించడం మానండి. గట్టి గాలికి కాగితం కంటికి కనిపించని చోట చిల్లు పడుతుంది. మట్టి రైడు చేశాక మెల్లగా దులిపి వాడటం ఒకసారికి సరే, ఆపైన కొత్తది వేయండి. ఒక ఫిల్టరు ధర వాల్వు పని ఖర్చులో ఎన్నో వంతో లెక్కేసుకుంటే ఇంక వాదనే ఉండదు.

గుంపుగా వెళ్లినప్పుడు ముందు బండి లేపిన ఎర్రటి మబ్బులో నడపకండి. దుమ్ము పక్కకు పోయేంత దూరం ఉంచండి. చివరి బండికే అందరికన్నా ఎక్కువ దుమ్ము పడుతుంది కాబట్టి మధ్యమధ్య స్థానాలు మార్చుకోండి. ఆయిలు పట్టించిన ఇంకో ఫిల్టరును జిప్ కవరులో పెట్టుకుని వెళ్తే మధ్యాహ్నం మార్చుకోవచ్చు.

షాపులో ఇచ్చేటప్పుడు

ఊళ్లో చాలా చోట్ల ట్యాపెట్ సర్దడమంటే చప్పుడు పోగొట్టడమే. ఒక షాపులో నా ఎదురుగానే, "అన్నా, టకటక కొడుతుందని కస్టమర్ అన్నాడు, కొంచెం టైట్ చేసేశా, ఇప్పుడు చూడు ఎంత నైస్‌గా ఉందో" అని ఒక కుర్రాడు సంబరంగా చూపించాడు. ఫీలర్ గేజి బల్ల మీద కూడా లేదు. అతని తప్పేమీ లేదు, కస్టమరు అడిగిందే చేశాడు. సన్నటి టకటక ఉండటం వాల్వుకు ఆరోగ్యం. ఆ చప్పుడు నచ్చక బిగించమని అడగడం మనం మానాలి.

బండి ఇచ్చేటప్పుడు జాబు కార్డు మీద మూడు విషయాలు రాయించండి: సర్దకముందు ప్రతి వాల్వు గ్యాపు, సర్దిన తర్వాత గ్యాపు, షిమ్ములైతే పాత, కొత్త మందాలు. ఇంజను రాత్రంతా చల్లారాకే కొలవాలని, అందుకు బండి ముందురోజు సాయంత్రమే వదిలి వెళ్తానని చెప్పండి. అంకెలు రాసివ్వలేమంటే కవరు విప్పనివ్వకండి. హెడ్డు పని అయితే పాత వాల్వులు, షిమ్ములు మీకే ఇవ్వమనండి. ఇంటికి తెచ్చి ఆ వాల్వు ముఖం మీద గోరు పెట్టి చూడండి, ఎక్కడ ఆగిందో, అది చుట్టూ ఒకేలా ఉందో ఒకవైపే ఉందో నోటు పుస్తకంలో రాసుకోండి. ఒకవైపే ఉంటే కొత్త వాల్వు వేసిన తొలి అయిదు గంటల తర్వాత గ్యాపు కొలిచేటప్పుడు ముందు ఆ వైపే చూడాలి.